మావయ్య వల

నిన్న సాయంత్రం కళింగపట్నం ఒడ్డున మావయ్య వల బాగుచేస్తుంటే, భాగల్‌పూర్ దగ్గర గంగలో చూసిన డాల్ఫిన్ గురించి చెప్పాను. పొడవాటి ముక్కు, బూడిద రంగు వీపు, ‘సూఁ’ అని ఒక్క ఊపిరి, అంతే, మునిగిపోయింది. దానికి చూపు దాదాపు లేదు. తాను చేసే శబ్దాల ప్రతిధ్వనితోనే దారి, చేప తెలుసుకుంటుంది. వలలో చిక్కితే మాత్రం పైకొచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోతుంది.

మావయ్య చేతిలో దారం ఆగిపోయింది. “నీటిలో పుట్టింది నీటిలోనే ఊపిరాడక చచ్చిపోద్దేటమ్మా?” అన్నాడు.

ఈ గంగా డాల్ఫిన్‌నే 2009లో మన జాతీయ జలచరంగా ప్రకటించారు. 2025లో వెలువడిన లెక్కలో దేశం మొత్తమ్మీద నదీ డాల్ఫిన్లు 6,327. మన శ్రీకాకుళం టౌన్ జనాభాలో పదో వంతు కూడా కాదు! చైనాలో 2006లో యాంగ్జీ నదిలో వెతికితే అక్కడి డాల్ఫిన్ ఒక్కటీ కనిపించలేదు. అది తలుచుకుంటేనే నాకు భయం.

చీకటి పడేలోపు నా ఫోన్‌లో ఆ వీడియో మావయ్య మూడుసార్లు చూశాడు.