ఎల్లోనైఫ్‌లో చూసిన కారిబూ తోలు దుస్తులు

కెనడాలోని ఎడ్మంటన్ నుంచి ఉత్తరాన ఉన్న ఎల్లోనైఫ్‌కి కారులోనే వెళ్లాం. దాదాపు 1,450 కిలోమీటర్లు. 2012లో తెరిచిన డేచో వంతెన మీద మెకెంజీ నది దాటాక, రోడ్డు పక్కనే బైసన్ల మంద మేస్తూ కనబడింది. పిల్లలు వాటిని వదిలి రామన్నారు. నా మనసంతా ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలోని గ్విచిన్ తోలు దుస్తుల మీదే ఉంది.

గ్విచిన్ అనే ఆదివాసుల ఊళ్లు ఇక్కడికి ఇంకా చాలా ఉత్తరాన, మెకెంజీ నది దిగువ ప్రాంతం నుంచి యూకాన్, అలాస్కా దాకా ఉన్నాయి. కారిబూ అనే దుప్పే వాళ్లకు తిండీ, బట్టా.

నేను చూసింది మగవాళ్ల వేసవి దుస్తులు. తెల్లటి తోలు చొక్కా ముందూ వెనకా కిందికి మొన తేలి ఉంది. పంట్లానికి పాదరక్షలు కలిపే కుట్టారు, కాబట్టి చీలమండ దగ్గర దోమ దూరే సందే లేదు. ఛాతీ మీద ముళ్లపంది ముళ్లతో రంగుల పట్టీ, కుట్ల వెంట ఎర్ర జాజు గీత, అంచున వేలాడే తోలు పోగులకు గుచ్చిన, ఒక అడవి పండు తాలూకు చారల గింజలు. 1789లో మెకెంజీ నది వెంట వచ్చిన అన్వేషకుడు అలెగ్జాండర్ మెకెంజీ కూడా ఆ మొనల చొక్కాల గురించీ, ఆ గింజల గురించీ రాసుకున్నాడు.

మా అత్తయ్య జీవితమంతా బట్టలు కుట్టిన మనిషి. అక్కడి నుంచి కదల్లేదు.

"ఇంత గట్టి గింజకి బెజ్జం ఎలా పెట్టారమ్మా?"

"పండ్లు ఉడకబెట్టి, గింజ మెత్తగా ఉన్నప్పుడే గుచ్చేస్తారట అత్తయ్యా."

దారం కూడా కారిబూ నరాన్ని ఎండబెట్టి, చీల్చి తీసిందేనని చెప్పాను. ముళ్లను నానబెట్టి, చదును చేసి, ఒక్కొక్కటే మడుస్తూ కుట్టాలి. ఒక్క పట్టీకే ఎంత ఓపిక కావాలో!

19వ శతాబ్దంలో వర్తకుల గుడ్డా పూసలూ వచ్చాక ఈ దుస్తులు మాయమయ్యాయి. పాత జత ఒకటి ఎక్కడో దక్షిణాన, ఒట్టావా పక్కనున్న గాటినో ఊరి మ్యూజియంలో మిగిలింది. 2000 నుంచి 2003 దాకా నాలుగు గ్విచిన్ ఊళ్ల ఆడవాళ్లు, 40 మందికి పైగా, దాన్ని చూసి ఐదు జతలు కుట్టారు. నాలుగు ఆ ఊళ్లకు, ఒకటి ఎల్లోనైఫ్‌లోని ఈ మ్యూజియానికి. నా దృష్టిలో ఆ పాత జత కంటే వీటి విలువే ఎక్కువ. చేతులు మరిచిపోయిన పనిని మళ్లీ ఆ ఊళ్ల చేతుల్లోకే తెచ్చినవి ఇవి. ఇకపై ఎవరికైనా నేర్చుకోవాలనిపిస్తే అడగడానికి పక్కింట్లోనే మనిషి ఉంటుంది.

ఆ ఊళ్లలో ఒకటైన ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కు డెంప్‌స్టర్ హైవే మీద వెళ్లొచ్చు. పీల్ నదిని వేసవిలో పడవ మీద, చలికాలంలో గడ్డకట్టిన మంచు మీద దాటాలి. నది గడ్డకట్టేటప్పుడూ, కరిగేటప్పుడూ దారి మూసేస్తారు. "అయితే వేసవిలోనే పెట్టుకుందాం" అంది అత్తయ్య.