రెబెకా ముసుగు, నైషూ నారబట్ట

అమ్మ నలభై ఏళ్లుగా పోచంపల్లిలో చీరలు నేస్తోంది. హైదరాబాద్ ఎన్నిసార్లు వచ్చినా చీరలు అప్పజెప్పి సాయంత్రం బస్సుకే వెళ్లిపోయేది. మొన్న ఆదివారం పట్టుబట్టి మ్యూజియాలకు తీసుకెళ్లాను.

ముందు సాలార్‌జంగ్ (శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి). గంటలు కొట్టే గడియారం దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. అక్కడ ఆగకుండా రెబెకా దగ్గరికి నడిచాం. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఈ పాలరాతి బొమ్మను నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. ముసుగూ రాయే, ముఖమూ రాయే. అయినా పలచటి ముసుగు వెనక కళ్లు, ముక్కు, పెదవులు కనిపిస్తుంటాయి. అమ్మ కుచ్చిళ్లనే చూస్తూ చాలాసేపు నిలబడింది.

"తడిబట్ట కప్పినట్టుంది బిడ్డా. బట్ట ఎట్ల జారుతదో ఎరుకైనోడే చెక్కిండు" అంది. ఆ బొమ్మ గురించి ఎన్నో చదివాను గానీ, ఇంత సూటి మాట ఎక్కడా చూడలేదు.

మధ్యాహ్నం మెట్రోలో నాంపల్లి వెళ్లాం. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. రాకుమారి నైషూ అంటారు. వయసు దాదాపు 2500 ఏళ్లు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లకు కొని తెచ్చారు. ఏడో నిజాం దాన్ని 1930లో మ్యూజియానికి ఇచ్చారు. గాలి తగిలి పాడవుతోందని 2016లో ఆక్సిజన్ లేని గాజుపెట్టెలో భద్రపరిచారు.

నాకు భయంగానే ఉంది, ముఖం వైపు సరిగా చూడలేకపోయాను. అమ్మ మాత్రం పాదాల దగ్గర వంగింది. అక్కడ చుట్టిన బట్ట చివికి పోగులు లేచాయి.

"ఏం నూలు?"

"పత్తి కాదమ్మా, అవిసె నార. ఆ దేశంలో ఎక్కువగా దాంతోనే నేసేవాళ్లు. మమ్మీలకు చాలావరకు ఇంట్లో వాడిన పాత బట్టల్నే పీలికలు చేసి చుట్టేవాళ్లట."

రాకుమారికి పాత బట్టలేంటి అని ఆశ్చర్యపోతుందేమో అనుకున్నాను. అమ్మ గాజు మీద వేళ్లు ఆనించబోయి వెనక్కి తీసుకుంది.

"మనం పసిపిల్లలను పాత చీరలనే చుడ్తం గద," అంది. "మెత్తగుంటదని."