12 పాయింట్ల దగ్గర ఆగిన జున్ను

డాగ్ షోల్లో మా ఆడ బీగిల్ కుక్క జున్ను లెక్క ప్రస్తుతం ఇదీ: 12 పాయింట్లు, ఒక మేజర్. ఛాంపియన్ కావడానికి ఇంకా 3 పాయింట్లు చాలు. వినడానికి ఎంతోలేదు. కానీ ఆ మూడూ ఒకే షోలో, ఒకేసారి రావాలి. చిల్లరగా ఒకటొకటి వస్తే పనికిరావు.

అమెరికన్ కెన్నెల్ క్లబ్ పద్ధతిలో ఛాంపియన్‌కు 15 పాయింట్లు కావాలి. ఒక షోలో గెలిస్తే 1 నుంచి 5 దాకా వస్తాయి. మూడు, ఆపైన వస్తే దాన్ని మేజర్ అంటారు. మొత్తంలో రెండు మేజర్లు తప్పనిసరి. అవి ఇద్దరు వేరువేరు జడ్జీల దగ్గర గెలవాలి, మిగతా పాయింట్లలో కనీసం ఒకటి మూడో జడ్జి దగ్గర రావాలి. ఒక్క జడ్జికి నచ్చినంత మాత్రాన కుక్క ఛాంపియన్ అయిపోకూడదని ఈ ఏర్పాటు. న్యాయమైన రూలే, నాకు అడ్డం రానంతవరకు.

ఇక గెలిస్తే ఎన్ని పాయింట్లన్నది మన కుక్క అందచందాల మీద ఆధారపడదు, ఆ రోజు ఎన్ని కుక్కలు వచ్చాయన్నదాన్ని బట్టి ఉంటుంది. క్లబ్ ఏటా మే నెల నుంచి అమలయ్యేలా కొత్త పట్టిక ఇస్తుంది. జాతికి ఒక లెక్క, ఆడవాటికి ఒకటి, మగవాటికి ఒకటి, ప్రాంతానికో లెక్క. టెక్సాస్‌లో మేజర్‌కు సరిపోయే సంఖ్య ఇంకో రాష్ట్రంలో సరిపోకపోవచ్చు. బీగిల్స్‌కు దీనిపైన ఇంకో మెలిక ఉంది. 13 అంగుళాల లోపువి ఒక వెరైటీ, 13 దాటి 15 వరకు ఉన్నవి ఇంకో వెరైటీ. రెండింటికీ పోటీ విడివిడిగానే. అంటే అసలే కొద్దిమంది వస్తే, వాళ్లు కూడా రెండుగా చీలిపోతారు. పోటీకి ఇంకెవరూ లేకుండా మనమొక్కరమే వెళ్లి నీలం రిబ్బను తెచ్చుకుంటే పాయింటు సున్నా.

అందుకే ఇందులో సగం పని రింగు బయటే జరుగుతుంది. ఎంట్రీలు సాధారణంగా షోకు రెండున్నర వారాల ముందు, బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు ఆగిపోతాయి. ఆ గడియారం ఆగేదాకా ఎవరు వస్తున్నారో తెలియదు. ఫోన్లు, మెసేజులు, 'మీరు వేస్తున్నారా, నేనూ వేస్తాను' అనే బేరాలు. షోకు వారం ముందు జడ్జింగ్ ప్రోగ్రామ్ వస్తుంది. అందులో మన జాతి పక్కన 5-8-(2-1) లాంటి అంకెలు ఉంటాయి. 5 మగవి, 8 ఆడవి, బ్రాకెట్లో ఉన్నవి ఇప్పటికే ఛాంపియన్లు. నేను ముందు చూసేది ఆ ఎనిమిదినే. అయినా అప్పుడే సంబరపడకూడదు, రింగులోకి నడిచి వచ్చిన కుక్కనే లెక్కపెడతారు. మేజర్‌కు ఎనిమిది కావాలనుకుందాం. ఒకామెకు పొద్దున్నే దారిలో టైరు పోతే ఏడే మిగులుతాయి, మేజర్ విరిగిపోయినట్టే. ఆ రోజు గెలిచినవాడి ముఖం చూడాలి మరి!

జున్ను మొదటి మేజర్ వచ్చిన తీరు చెబితే ఈ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. ఆ రోజు ఆడవాటిలో ఉన్నది 2 పాయింట్లకు సరిపడా సంఖ్యే. మగవాటిలో 3 పాయింట్ల మేజర్ ఉంది. జున్ను విన్నర్స్ బిచ్ అయింది, అంటే ఇంకా ఛాంపియన్ కాని ఆడవాటిలో మొదటిది, దానికి రెండు పాయింట్లు. తర్వాత ఆడ విన్నర్‌నీ మగ విన్నర్‌నీ పోల్చి బెస్ట్ ఆఫ్ విన్నర్స్ ఇస్తారు. అది గెలిచినవాళ్లకు రెండింట్లో ఎక్కువున్న పాయింట్లు దక్కుతాయి. నీలం-తెలుపు రిబ్బను జున్ను చేతికి, అంటే నా చేతికి, వచ్చింది. రెండు కాస్తా మూడయింది.

మిగతా తొమ్మిదీ సింగిల్సే, ఒకటీ రెండూ చొప్పున పోగైనవి. తొమ్మిది సింగిల్స్‌కు రెండు మేజర్ల ఆరు కలిపితే పదిహేను. అందుకే ఇక మామూలు పాయింట్లు ఎన్ని వచ్చినా జున్నుకు ఒరిగేదేమీ లేదు.

రింగులో ఉండేది కాసేపే. జడ్జీలు గంటకు 25 కుక్కల లెక్కన చూస్తారు, ఒక్కో కుక్కకు రెండున్నర నిమిషాలు దాటితే గొప్ప. టేబుల్ మీద నిలబెట్టడం, పళ్లు చూపించడం, నేరుగా వెళ్లి రావడం, ఒక చుట్టు, చివర్లో వరుసలో నిలబడటం. బీగిల్‌తో వచ్చిన చిక్కంతా నడకలోనే. ముందు వెళ్లిన కుక్కలకు వేసిన లివర్ తుంపులు మ్యాట్ మీద పడి ఉంటాయి, దీని ముక్కు నేలకు అతుక్కుపోతుంది. తల దించి నడిచే కుక్కలో మెడ, భుజాల తీరు జడ్జికి ఏం కనిపిస్తుంది? గ్యారేజీలో పాత రబ్బరు మ్యాట్ పరిచి, దారి పొడవునా చికెన్ తుంపులు చల్లి, వాటి మీదుగా నడిపిస్తున్నాను. కింద ఉన్నది తినబోతే ఏమీ రాదు, తల ఎత్తితే చేతిలోంచి ఇంకా మంచిది వస్తుంది. లీడ్, అంటే కుక్కను పట్టుకునే తాడు, మెడ మధ్యలో కాకుండా చెవుల వెనకే, పైకి ఉండాలి. బిగించి లాగితే నడక చెడుతుంది, కాబట్టి వదులుగానే పట్టుకోవాలి. లోపల మ్యాట్ మీద ఇప్పుడు బాగానే నడుస్తోంది. బయట గడ్డి మీద మాత్రం ఇంకా దాని రాజ్యమే.

బెయిట్‌కు, అంటే రింగులో కుక్కను ఊరించే తాయిలానికి, చికెన్ లివర్ ఉడికించి, సన్నగా కోసి, ఓవెన్‌లో తక్కువ వేడి మీద ఆరబెడతాను. పైన తడి ఆరితే జేబుకు మరకలు అంటవు. అత్తగారు మాంసం ముట్టరు, ఆవిడ మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ గిన్నె, కరెంటు పొయ్యి గ్యారేజీలోనే.

ఎత్తు కొలత సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే జున్ను 12 ముప్పావు అంగుళాల దగ్గర ఉంటుంది. జడ్జికి అనుమానం వస్తే కొలత ఫ్రేము తెప్పిస్తాడు. దాన్ని కుక్క భుజాల మీదుగా దించుతారు. ఫ్రేము రెండు కాళ్లూ టేబుల్‌ను తాకితే సరిపోయినట్టు, ఒక్కటి గాల్లో ఉన్నా 13 దాటినట్టే. బెదిరి బిగుసుకున్న కుక్క ఎత్తుగా తేలుతుంది. అందుకని వారానికోసారి ఇంట్లో చెక్కతో చేసుకున్న ఫ్రేము దించి, బెయిట్ పెట్టి, ఊరకే నిలబడటం అలవాటు చేస్తున్నాం. గోళ్లు కూడా బాగా చిన్నవిగా ఉంచాలి. పెరిగిన గోరు పాదాన్ని కొంచెం పైకి లేపుతుంది, పావు అంగుళమే తేడా ఉన్నచోట అది చిన్న సంగతి కాదు.

ఖర్చు మాట. ఎంట్రీకి 30 నుంచి 40 డాలర్ల మధ్య, పెట్రోలు, హోటల్ వేరే. ప్రొఫెషనల్ హ్యాండ్లర్‌కు ఇస్తే ఒక్కో షోకు వంద డాలర్ల చుట్టూ అవుతుంది. వాళ్లు తెలివిగా చూపిస్తారు, అందులో సందేహం లేదు. కానీ ఈ మేజర్ నా చేత్తోనే పూర్తి చేయాలని నా మొండిపట్టు. అమ్మ గుంటూరు నుంచి ఫోన్లో అడిగింది, "ఏమే, ఇంతా తిరిగితే ఎంతిస్తారే?" అని. "రిబ్బనిస్తారమ్మా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

జులైలో హ్యూస్టన్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ డాగ్ షోస్ జరుగుతుంది. పెద్ద షో, వరసగా కొన్ని రోజులు, సంఖ్య బాగుంటుంది. నా ఆశ దాని మీదే ఉండేది, కానీ జున్ను ఎదకు వచ్చిపోయాక బొచ్చు రాలడం మొదలైంది. పలచబడ్డ వీపుతో గట్టి పోటీలోకి దిగితే ఫీజు పారబోసుకున్నట్టే. బొచ్చు తిరిగి ఒత్తుగా రావడానికి నెలలు పడుతుంది. ఆగాను. ఆ తర్వాత వెళ్లిన ఒక మేజర్‌లో రిజర్వ్, అంటే రెండో స్థానం, వచ్చింది, ఊదా-తెలుపు రిబ్బను. పైన గెలిచిన కుక్క గెలుపు ఏ కారణంగానో చెల్లకుండా పోతే తప్ప దానికి పాయింట్లు లేవు. అలా జరగాలని కోరుకోలేదు, పెద్దగా.

ఇప్పుడు ముందున్నది ఒక శని, ఆదివారాల జంట షో. శనివారం జడ్జి మాకు మొదటి మేజర్ ఇచ్చిన ఆయనే, ఆయన దగ్గర ఇంకో మేజర్ గెలిచినా రెండోదిగా లెక్కకు రాదు. మాకు కావలసింది ఆదివారమే. కానీ ఇంకో బీగిల్ ఆవిడ శనివారానికీ ఎంట్రీ వేయమని అడిగింది. వాళ్ల కుక్కకు ఆ జడ్జి దగ్గర మేజర్ కావాలి, జున్ను లేకపోతే సంఖ్య తగ్గుతుంది. కావాలని చెడ్డగా చూపించడం నా వల్ల కాదు, అది రింగుకే అవమానం. ఆ మాట ముందే చెప్పాను, సరేనంది. రెండు రోజులకూ ఫీజు కట్టాను. శనివారం జున్ను గెలిస్తే మాత్రం ఆవిడతో కలిసి తీసుకున్న హోటల్ గదిలో ఆ రాత్రి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.