తాళం పడేచోటే పాదం పడాలి

మా అక్క కూతురి కూచిపూడి రంగప్రవేశానికి వీడియో పని నేనే నెత్తిన వేసుకున్నాను. పెళ్లి వీడియోలు తీసేవాళ్లను పిలిస్తే తరంగం (పళ్లెం అంచు మీద నిలబడి ఆడే అంశం) మధ్యలో గులాబీ పూలు తిప్పేస్తారని అక్క భయం. హాల్లో చివరి వరస వెనక స్టాండు మీద ఒక కెమెరా పెట్టాం. స్టేజీ పక్కన, దగ్గరి షాట్ల కోసం నా ఫోను. సౌండ్ సిస్టమ్ అతన్ని బతిమాలి మిక్సర్ నుంచి ఒక వైరు లాగి చిన్న రికార్డర్‌కి తగిలించాం. అంటే బొమ్మ రెండు చోట్ల ఉంది, వినదగ్గ సౌండ్ మూడోచోట ఉంది. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు.

మామూలు ఇంటి వీడియోల్లో సింక్ అంటే పెదాలూ మాటా కలవడమే. కాస్త అటూ ఇటూ అయినా సరిపెట్టుకుంటాం. నాట్యంలో అలా కుదరదు. నట్టువాంగం తాళం (గురువుగారు చేత్తో కొట్టే చిన్న తాళాలు) మోగిన క్షణానికి పాదం నేల మీద లేకపోతే, ఏమీ తెలియనివాళ్లకు ఏదో తేడాగా అనిపిస్తుంది. తెలిసినవాళ్లకైతే అమ్మాయికి లయ లేదనిపిస్తుంది. నా టెన్షన్ అంతా ఈ రెండోవాళ్ల గురించే.

అయితే అదే తాళం నాకు పెద్ద సాయం కూడా చేసింది. సినిమా షూటింగుల్లో క్లాప్ కొట్టేది, రెండు చెక్కలూ కలిసిన ఫ్రేమ్‌నీ ఆ టక్కుమనే శబ్దాన్నీ తర్వాత ఒకచోటికి చేర్చడానికే. నాకు ప్రతి జతిలోనూ (తాళానికి పడే అడుగుల వరసలో) ఆ క్లాప్ ఉంది. గురువుగారి చేతిలో తాళాలు తగిలిన ఫ్రేమ్ పెద్దది చేసి చూస్తే కనిపిస్తుంది. వేవ్‌ఫామ్‌లో, అంటే శబ్దాన్ని గీతగా చూపించే బొమ్మలో, అది సన్నటి గీతలా పైకి లేస్తుంది. మృదంగం దెబ్బ కూడా పనికొస్తుంది గానీ, తాళమంత పదునుగా ఉండదు.

ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ వాడాను. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, స్టేజీ లైట్లు మినుకు మినుకుమనకుండా కెమెరాను సెకనుకు 25 ఫ్రేమ్‌లకు పెట్టాం. టైమ్‌లైన్ (సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరసగా పరిచే పట్టీ) కూడా 25కే పెట్టాను. ఇది మొదట్లోనే చూసుకోవాలి, ఒకసారి టైమ్‌లైన్‌లో క్లిప్పులు పరిచాక ఆ సంఖ్య మార్చనివ్వదు. తర్వాత వేవ్‌ఫామ్ ఆధారంగా కలపమంటే, కెమెరా మైకులో పడిన సౌండ్‌నీ రికార్డర్ సౌండ్‌నీ పోల్చి చిటికెలో పక్కపక్కన చేర్చింది. రెండూ కలిపి వింటే ఎక్కడా ప్రతిధ్వని లేదు. ఇంకేం, పని అయిపోయినట్టే కదా.

నా వెనక నిలబడి చూస్తున్న పిల్ల, "పిన్నీ, నా కాలు తాళం కంటే ముందే పడిపోతోంది చూడు" అంది. నాకు కనబడలేదు. ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరుపుకుంటూ వెళ్తే తనదే నిజం. తాళాలు తగిలిన రెండు ఫ్రేమ్‌ల తర్వాత గానీ శబ్దం రావడం లేదు.

కారణం హాలే. స్టేజీ ముందున్న స్పీకర్ల నుంచి కెమెరా దాకా సుమారు 28 మీటర్లు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే కెమెరా మైకు దగ్గరికి అది చేరేసరికి 80 మిల్లీసెకన్లు దాటుతుంది. వెలుగు మాత్రం అప్పటికప్పుడే లెన్సులో పడుతుంది. 25 ఫ్రేమ్‌ల వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు, కాబట్టి దాదాపు రెండు ఫ్రేమ్‌ల తేడా. సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, అది సౌండ్‌ని సౌండ్‌తో కలిపింది. బొమ్మతో కలపమని దాన్ని ఎవరూ అడగలేదు. రికార్డర్ ట్రాకుని రెండు ఫ్రేమ్‌లు ముందుకి లాగి, కెమెరా సౌండ్‌ని పూర్తిగా మ్యూట్ చేశాను. ఫ్రేమ్ కంటే చిన్న తేడాలు సర్దాలంటే రిజాల్వ్‌లోనే ఫెయిర్‌లైట్ అనే సౌండ్ పేజీ ఉంది.

ఆ రెండు ఫ్రేమ్‌లు ఎవరికి పట్టింపు అని మా బావగారు అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి బీటీ.1359 సిఫారసు ప్రకారం, సౌండ్ బొమ్మ కంటే ముందొస్తే 45 మిల్లీసెకన్ల దగ్గరే జనం పసిగడతారు, వెనకొస్తే 125 దాకా పట్టించుకోరు. చెరువు అవతలి గట్టున బట్టలుతికే చప్పుడు, చెయ్యి మళ్లీ పైకి లేచాక మనకు వినిపించడం మామూలే. ముందే వినిపించడమన్నది లోకంలో జరగదు, అందుకే అది వెంటనే పట్టుబడుతుంది. కాబట్టి ఎటూ తేలకపోతే సౌండ్ రవ్వంత వెనకే ఉండనివ్వాలని నేను లెక్క పెట్టుకున్నాను. కానీ ఆ కొలతలు మామూలు ప్రేక్షకులవి. ఏళ్ల తరబడి ఆ తాళానికే అడుగేసిన పిల్ల కంటికి 80 కూడా ఎక్కువే.

ఇక ఫోను. అది పెట్టిన తిప్పలు ముందు నాకు అర్థమే కాలేదు. పూజా నృత్యంలో చక్కగా కలిసింది, తరంగానికి వచ్చేసరికి పావు సెకను పైగా జారిపోయింది. జారడం కూడా వరసగా కాదు, ఒకచోట బాగానే ఉంటుంది, అంశానికీ అంశానికీ మధ్య లైట్లు తగ్గించిన చోట ఒక్కసారిగా తప్పుతుంది. విడిగా ఫోన్లో చూస్తే మాత్రం ఏ తేడా లేదు. మీడియాఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాంలో ఆ ఫైలు తెరిస్తే, ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర ‘వేరియబుల్’ అని ఉంది. వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు ఒక్కో ఫ్రేమ్‌కి ఎక్కువ సమయం తీసుకుని, సెకనుకు తీసే ఫ్రేమ్‌ల సంఖ్య తగ్గించేస్తాయి. ఏ ఫ్రేమ్ ఏ క్షణానిదో ఫైల్లో రాసి ఉంటుంది, ప్లేయర్ దాన్ని చూసి నడుపుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలాసార్లు అన్నింటినీ సమానమైన గళ్లలో పేర్చేస్తుంది. తేడా అక్కడే వస్తుంది.

ఇలాంటప్పుడు సౌండ్‌ని కాస్త సాగదీయమని కొందరు సలహా ఇస్తారు. వద్దు. జారుడు సమంగా లేనప్పుడు సాగదీస్తే చివర కలుస్తుంది, మధ్యలో ఇంకా చెడుతుంది. వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాంలో ఫైలు తెరిచి, వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ (ఫ్రేమ్‌ల వేగం మారకుండా ఉంచేది) ఎంచుకుని, క్వాలిటీ కొంచెం ఎక్కువ పెట్టి కొత్త ఫైలు చేసుకున్నాను. నా పాత లాప్‌టాప్‌లో అది అన్నం వండి, తిని, గిన్నెలు కడుక్కునేంత పని. అసలు ఫైలు మాత్రం తీసెయ్యకూడదు. కొత్త ఫైలు టైమ్‌లైన్ మీద పెట్టగానే తరంగంలో పళ్లెం అంచు మీద పాదాలు తాళంతో కలిశాయి. ఆ చోటు ఎన్నిసార్లు చూసుకున్నానో!

కెమెరాకీ రికార్డర్‌కీ మధ్య మాత్రం ఇంకో రకం తేడా మిగిలింది. మొదట్లో సరిగ్గా ఉండి, గంటన్నర తర్వాత చివరి అంశమైన మంగళం దగ్గర సౌండ్ ఎనిమిది ఫ్రేమ్‌లు వెనకబడింది. ఏ పరికరం టైము దానిలోని క్వార్ట్జ్ స్ఫటికం చెబుతుంది, ఏ రెండూ అచ్చంగా ఒక్కలా నడవవు. ఈ జారుడు మాత్రం మొదటి నుంచి చివరిదాకా సమంగా ఉంటుంది, కాబట్టి లెక్కకు లొంగుతుంది. ఎనిమిది ఫ్రేమ్‌లు అంటే 320 మిల్లీసెకన్లు. గంటన్నరలో అది సుమారు 0.006 శాతం. చప్పట్ల దగ్గర కోసి ప్రతి అంశాన్నీ విడిగా సర్దుకోవచ్చు, ఉపన్యాసాలకైతే నేనూ అదే చేస్తాను. ఇక్కడ ఒక్క తరంగంలోనే ఒకటిన్నర ఫ్రేమ్ పైగా జారుతోంది. అందుకని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో మొత్తం ట్రాకు వేగం 0.006 శాతం పెంచాను. శ్రుతి మారిపోతుందేమోనని అక్క కంగారుపడింది గానీ, ఇంత చిన్న తేడా ఏ వయోలిన్ విద్వాంసుడికీ వినబడదు. శ్రుతి అలాగే ఉంచి టెంపో మాత్రమే మార్చే ఎఫెక్టు కూడా ఉంది, దాని జోలికి పోలేదు. అది తాళం మోతలోని పదును పోగొడుతుంది.

గురువుగారికి చూపించినప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి. ఆవిడ ఏమీ మాట్లాడకుండా చూస్తూ, తిల్లానాలో ఒక తీర్మానం (జతి ముగింపు) దగ్గర ఆపమన్నారు. అక్కడ కాలు వెనకబడింది. నేను లాప్‌టాప్ వైపు చెయ్యి చాచేలోపు, "అది నీది కాదమ్మా, దానిదే. ఆ రోజే చెప్పాను దానికి" అన్నారు.

లింకు కుటుంబం గ్రూపులో పెట్టాక మళ్లీ ఫిర్యాదులు వచ్చాయి. చూస్తే అందరివీ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు. కొన్నింటిలో సౌండ్ పావు సెకను దాకా ఆలస్యమవుతుంది. చాలా ఫోన్లు వీడియో చూసేటప్పుడు బొమ్మను కూడా ఆపి సరిచేస్తాయి గానీ, అన్ని యాప్‌లలోనూ కాదు. వైరున్నవి పెట్టుకోమన్నాను. బావగారి ఇంట్లో టీవీకి సౌండ్‌బార్ ఉంది, దాని ఆడియో డిలే సెట్టింగ్ సున్నాకి తెస్తే సరిపోయింది. కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్‌తో చూసేవాళ్లకు జె, కె మీటలు చెప్పాను, ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. అమ్మమ్మ మాత్రం ఫోన్ స్పీకర్లోనే చూసింది, ఆవిడకి మొదటిసారే అంతా సరిగ్గా కలిసింది.