గొర్రెకు ముందు పళ్ళు చూస్తే సరిపోదు

గొర్రెకు కొరికే పళ్ళు ఎనిమిదీ కింది దవడకే ఉంటాయి. వాటికి ఎదురుగా పైన ఉండేది గట్టి చిగురు పట్టీ. వయసు కట్టడానికి నోరంతా తెరవక్కర్లేదు. ఒక చేత్తో గడ్డం పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో కింది పెదవి కిందికి లాగితే చాలు.

ఏడాది లోపు అన్నీ పాలపళ్ళే: చిన్నవి, సన్నవి, తెల్లవి. ఏడాదికీ ఏడాదిన్నరకీ మధ్య నడిమి జత ఊడి వెడల్పాటి పళ్ళు వేస్తుంది. రెండేళ్ళకు అటూఇటుగా నాలుగు, మూడేళ్ళ దగ్గర ఆరు, నాలుగేళ్ళకల్లా ఎనిమిదీ. జాతిని బట్టి, మేతను బట్టి కొన్ని నెలలు తేడా వస్తుంది. పళ్ళు చూసి నెలలతో సహా వయసు చెప్పేవాళ్ళను నేను నమ్మను.

ఎనిమిదీ వేశాక చెప్పేదంతా అంచనాయే. పళ్ళు సాగినట్టు కనిపిస్తాయి, మధ్య సందులు పడతాయి, కదిలి ఊడతాయి. దుమ్ము, ఇసుక కలిసిన పొట్టి గడ్డి మేసే మందలో అరుగుదల ఇంకా తొందరగా మొదలవుతుంది.

కొనేటప్పుడు మోసపోయేది సందు దగ్గరే. రెండు పళ్ళు లేవంటే ముసలిదని కాదు. పక్కనున్నవి చిన్న పాలపళ్ళయితే అది ఇప్పుడే పళ్ళు మారుస్తున్న పిల్ల. పక్కవి పొడుగ్గా, వదులుగా ఉండి, చిగురు కిందికి దిగిపోయి ఉంటే వయసు మళ్ళినది. పూర్తిగా అరిగిన మొద్దులు కూడా ఒక్కోసారి పాలపళ్ళలా కనిపిస్తాయి. మొదలు దగ్గర గోధుమ రంగు పట్టి ఉందేమో చూడండి, ఉంటే అరిగినవే అయ్యుంటాయి.

అసలు చిక్కు దవడపళ్ళతో. అవి 24, పైకి కనబడవు, చూసేవాళ్ళూ తక్కువే. బాగా మేస్తూనే గొర్రె చిక్కిపోతుంటే, నోటి చివర పచ్చటి మరక పడుతుంటే, నెమరు ముద్ద కింద జారుతుంటే, బుగ్గలో మేత ఉండ కట్టి ఉంటే అనుమానం వీటి మీదకే పోవాలి. బుగ్గల మీదుగా, కింది దవడ ఎముక వెంట వేళ్ళతో తడమండి. ఊడిన పన్ను చోట గుంట, సూదిగా పెరిగిన అంచు, ఎముక మీద గట్టి గడ్డ చేతికి తెలుస్తాయి. నొక్కితే తల విదిలిస్తే అక్కడ నొప్పి ఉన్నట్టే. లోపల మాత్రం వేలు పెట్టకండి, తెగుతుంది. ఇక గడ్డం కింద మెత్తగా నీరు దిగినట్టుండే వాపు పళ్ళది కాకపోవచ్చు. రక్తం పీల్చే కడుపు పురుగులు, కార్జపు జలగ వల్ల అలా వస్తుంది. కింది కనురెప్ప లోపల పాలిపోయి ఉందేమో చూసి పశువైద్యుడికి చూపించాలి.

పొట్టేలును కలపడానికి నెలా నెలన్నర ముందే మందంతా చూసుకోవాలి. ముందు పళ్ళు పోయినది పొట్టి గడ్డి కొరకలేదు గానీ, తరిగిన పచ్చిమేత, దాణా పెడితే ఇంకో ఈత ఈనగలదు. దవడపళ్ళు చెడినదాన్ని చూలుకు ఉంచొద్దు, ఎంత పెట్టినా ఒంటికి పట్టదు. పొట్టేలుకైతే నోరు మూసి ఉండగా కింది పళ్ళు చిగురు పట్టీకి సరిగ్గా తగలాలి. ముందుకు పొడుచుకొచ్చినా, వెనక్కి పోయినా ఆ వంకర పిల్లలకు దిగే అవకాశం ఉంది, ఒళ్ళు ఎంత బాగున్నా దాన్ని విత్తనానికి ఉంచకండి.