మాంటూ కొలవనిది

క్షయ ఆసుపత్రిలో తెమడ పరీక్షలు చేసే గదిలో చేరిన కొత్తలో నాకు ముంజేతికి మాంటూ, అంటే క్షయ క్రిమి సోకిందో లేదో చూసే సూది పరీక్ష, వేశారు. మూడోరోజు సిస్టరుగారు బాల్‌పెన్ను మొనను చర్మం మీద మెల్లగా జరుపుతూ, అది ఆగిన చోటల్లా గీత పెట్టి, స్కేలుతో కొలిచి, 17 మిల్లీమీటర్లు అని రాసుకున్నారు. చుట్టూ ఉన్న ఎరుపును ఆమె లెక్కలోకి తీసుకోలేదు. కొలవవలసింది గట్టిపడిన మేరనే. దగ్గు లేదు, జ్వరం లేదు, ఎక్స్‌రేలో మచ్చ లేదు కనుక, క్రిమి ఒంట్లో ఉన్నా జబ్బు లేదని, అంటే గుప్త క్షయ అని తేల్చారు. నాకంటే ఎన్నో ఏళ్ల ముందు నుంచి అదే బల్ల దగ్గర పనిచేస్తున్న పెద్దాయన చేతి మీద మాత్రం చిన్న పొక్కయినా లేవలేదు. మేమిద్దరం పీల్చింది ఒకే గాలి.

మాంటూ అయినా, రక్తంతో చేసే ఇగ్రా అయినా చూసేది టీ కణాల, అంటే క్రిములతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాల, జ్ఞాపకాన్నే. ఇగ్రా మరీ ప్రత్యేకంగా ఆ కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ ఒక్కదాన్నే కొలుస్తుంది. క్షయ క్రిమి, క్రిములను మింగే భక్షక కణాల లోపలే దాక్కుంటుంది కాబట్టి రక్తంలో తిరిగే యాంటీబాడీలకు అక్కడ పెద్దగా పని ఉండదనే మేము చదువుకున్నాం.

ఆ పాఠాన్ని నేను మళ్లీ తిరగేయవలసి వచ్చింది 2017లో, బీజింగ్‌లోని ఒక క్షయ ఆసుపత్రి సిబ్బంది మీద జరిగిన అధ్యయనం చదివినప్పుడు. ఏళ్ల తరబడి రోగుల మధ్య తిరుగుతూ కూడా ఆరోగ్యంగా ఉన్న 48 మంది రక్తం నుంచీ, జబ్బుతో ఉన్న 12 మంది రక్తం నుంచీ యాంటీబాడీలను వేరుచేసి, వాటిని ఎలుకలకు ఇచ్చి, ఆ ఎలుకల చేత క్రిములున్న గాలిని పీల్పించారు. సిబ్బందిలో 7 మంది యాంటీబాడీలు ఎలుకలను ఒక మోస్తరుగా కాపాడాయి; రోగులలో ఒక్కరివీ కాపాడలేదు. ఆ ఏడుగురిలో ముగ్గురికి ఇగ్రా నెగెటివ్ అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పరీక్ష క్రిమి సోకిన ఆనవాలే లేదని చెప్పినవారి రక్తంలో, ఆ క్రిమి పైపొరను గుర్తుపట్టే యాంటీబాడీలు ఉన్నాయన్నమాట. అయితే సీడీ4 అనే రకం టీ కణాలు తోడు లేకపోతే అవి పనిచేయలేదు కనుక పాత పాఠం పూర్తిగా తప్పని కాదు, సగమే చెప్పిందని నా అభిప్రాయం.

అంతకు ముందు ఏడాదే, 2016లో, మరో బృందం గుప్త క్షయ ఉన్నవారి యాంటీబాడీలను రోగుల యాంటీబాడీలతో పోల్చి చూసింది. వాటి తోక భాగానికి అంటుకుని ఉండే చక్కెర గొలుసుల అమరికలో తేడా కనబడింది. గుప్త క్షయ ఉన్నవారివి భక్షక కణాల చేత క్రిమిని మరింత బాగా చంపించాయి.

ఇదంతా చెప్పగానే మా వార్డు సిస్టర్లు వెంటనే అడిగేది ఒక్కటే: మనమూ ఆ యాంటీబాడీ పరీక్ష చేయించుకోవచ్చా? అలాంటి పరీక్ష బయట లేదు. ఒకప్పుడు వీధి చివరి ల్యాబులు క్షయకు ఐజీజీ, ఐజీఎం అనే రకాల యాంటీబాడీలు ఉన్నాయంటూ కాగితాలు ఇచ్చేవి; ఆ కాగితం పట్టుకుని, తెమడలో ఏమీ లేకపోయినా మందులు మొదలుపెట్టినవారు మా దగ్గరకు వచ్చేవారు. ఆ కిట్లు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది, మన ప్రభుత్వం 2012లో నిషేధించింది. అది సరైన పనే. రక్తంలో యాంటీబాడీ ఉందా లేదా అన్నంత మాత్రాన జబ్బు ఉన్నదీ లేనిదీ తేలదు. బీజింగ్‌లో చూసింది ఆ యాంటీబాడీ ఏం చేయగలదన్నది.

పొక్కు లేవని మా పెద్దాయనకు ఈ ఏడుగురి కథ చెబితే తానూ వారిలో ఒకరినని మురిసిపోతారనుకున్నాను. ఆయన స్లయిడు మీద నుంచి చూపు తిప్పకుండానే, "మిగతా 41 మందికీ జబ్బు రాలేదు కదా, మరి వాళ్లను కాపాడిందేమిటి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన మాస్కు ముక్కు మీదికి సర్దుకుని తరువాతి స్లయిడు అందుకున్నారు.