పై పోర్షన్ కిరాయికి ఇచ్చే ముందు: నా అనుభవం

నల్లగొండ రామగిరిలో మాది చిన్న ఇల్లు. కింద మేముంటాం, పై పోర్షన్ కిరాయికి ఇస్తాం. రెండేళ్లలో రెండు కుటుంబాలు ఎండకాలం దాటకుండానే ఖాళీ చేశాయి. కిరాయి ఎక్కువైందేమో అనుకున్నాను. మూడోసారి వచ్చిన అమ్మాయి గదులు చూడకముందే, "పోయినేడు ఎండకాలం కరెంటు బిల్లులు ఉంటే చూపిస్తరా అమ్మా?" అని అడిగింది.

వెతికి తీశాను. ఏప్రిల్ 231, మే 264 యూనిట్లు. ఆ అమ్మాయి వాళ్లది తెల్ల రేషన్ కార్డు. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో అలాంటి వాళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 201 అయిందంటే మొత్తం కట్టాలి, అదీ వెయ్యి పైనే. "కిరాయి 500 తగ్గించినా మాకు గిట్టదమ్మా" అని వెళ్లిపోయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా తమ్ముడి కొడుకు సివిల్ ఇంజినీరు. ఫ్రిజ్ ఎంత తక్కువ కరెంటు తింటుందో చూసి స్టార్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈనే (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) ఇళ్లకూ 1 నుంచి 5 స్టార్లు ఇస్తుందని వాడే చెప్పాడు. తప్పనిసరి కాదు కాబట్టి అమ్మేటప్పుడు గానీ కిరాయికిచ్చేటప్పుడు గానీ మన దగ్గర ఎవరూ అడగరు. అసలు లేబుల్‌కు గోడలు, స్లాబు, కిటికీలు అన్నీ లెక్కగడతారట. తర్వాత వాడు రాత్రి పదింటికి నన్ను స్టూలెక్కించి స్లాబుకు చెయ్యి ఆనించమన్నాడు. పొయ్యి మీంచి అప్పుడే దించిన పెనంలా ఉంది. ఆ గదుల్లో పసిపిల్లలు పడుకున్నారు కదా అని ప్రాణం ఉసూరుమంది.

డాబాకు ఎండను వెనక్కి కొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయిద్దామనుకున్నాం. 2023లో వచ్చిన రాష్ట్ర కూల్ రూఫ్ పాలసీ ఇళ్లలో అయితే 600 గజాలు, ఆపైన ఉన్నవాటికే తప్పనిసరి. మాది 150 గజాలే, అయినా వేయించాం. మొదటి మేస్త్రి నాచు కడగకుండానే రంగు వేశాడు. పది రోజులకే పొట్టులా లేచిపోయింది. రెండో అతను వైరు బ్రష్‌తో రుద్ది, పగుళ్లు పూడ్చి, ఒక రోజంతా ఆరనిచ్చి రెండు కోట్లు వేశాడు. డబ్బు రెండుసార్లు పోయింది, కానీ కడగడమే అసలు పని అని తెలిసింది. పడమటి కిటికీలకు వెదురు తడకలు కట్టించాం. 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడూ తీసేసి 28 వాట్లవి పెట్టించాం. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 60 యూనిట్లకు పైనే మిగులుతాయి.

ఫిబ్రవరిలో ఆ అమ్మాయికే ఫోన్ చేశాను. వచ్చి చూసుకుని కిరాయికి దిగారు. మా మీటరు నంబరును వాళ్ల రేషన్ కార్డుకు కలపడానికి మున్సిపల్ ఆఫీసుకు రెండుసార్లు తిరిగాం.

మే నెల రీడింగ్ 188. కాగితం పట్టుకుని మెట్లు దిగి వచ్చి నాకు చూపించింది. ఆ బిల్లూ పాతవీ ఒకే ఫైలులో పెట్టాను, రేపు ఎవరు అడిగినా ముందు అదే ఇస్తాను. డాబా మీద అప్పుడే దుమ్ము పేరుకుంటోంది. వానలు పోయాక మళ్లీ కడిగించాలి.